వాన పడితే పలకని పాత స్ప్లెండర్: సీడీఐ మార్చే ముందు ప్లగ్ క్యాప్ చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారి 2003 మోడల్ స్ప్లెండర్, కిక్ బండి. విజయవాడ సింగ్‌నగర్‌లో మీ ఇంటి ముందు రోడ్డు పక్కనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు వచ్చినప్పుడు నాలుగు రోజులు మునిగే ఉంది. తర్వాత ఇంజన్ విప్పి బాగు చేయించారు. ఎండాకాలమంతా ఒక్క కిక్‌కే స్టార్ట్ అయింది. రాత్రి వాన పడితే మాత్రం పొద్దున పాతిక ముప్పై కిక్‌లు కొట్టినా పలకదు. పది గంటలకు ఎండ తగలగానే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ రెండుసార్లు కార్బరేటర్ క్లీన్ చేశాడు, ప్లగ్ మార్చాడు, ఇప్పుడు సీడీఐ, అంటే ప్లగ్‌కు స్పార్క్ పంపించే ఎలక్ట్రానిక్ డబ్బా, మార్చాలంటున్నాడు. ఇప్పటికే రెండు వేల దాకా అయింది, మార్పించాలా వద్దా అని అడిగావు.

ఇప్పుడే మార్పించకు. గుంటూరు కొరిటెపాడులో ముప్పై ఏళ్లుగా బైక్ షెడ్ నడుపుతున్నాను. మా అబ్బాయి ఈడువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఏ షెడ్డుకు వెళ్లినా నువ్వే దగ్గరుండి చేయించుకోగలవు.

కార్బరేటర్‌లో జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, మూసుకుపోతే అది వానా ఎండా అని చూడదు. ఏప్రిల్‌లో కూడా సతాయిస్తుంది. ట్యాపెట్లు బిగుసుకున్నా, రింగులు అరిగి కంప్రెషన్ తగ్గినా అంతే, రోజూ అదే గొడవ. నీ బండి తడిసినప్పుడే మొరాయిస్తోంది, ఆరగానే మామూలవుతోంది. కాబట్టి తప్పు నీళ్లు తగిలే చోట ఉంది. ఇక సీడీఐ సంగతి. దాని లోపలి భాగాలన్నీ గట్టి రెజిన్‌లో పోతపోసి ఉంటాయి, తడి లోపలికి వెళ్లడం కష్టం. నా దగ్గరికి వచ్చిన పాడైన సీడీఐలు ఎక్కువగా బండి వేడెక్కాక ఆపేసి, చల్లారాక మళ్లీ పనిచేసేవి. నీ బండి లక్షణం దానికి సరిగ్గా ఎదురు. సీడీఐ కప్లర్‌లో, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింట్‌లో, తడి చేరొచ్చు, అది వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ బండిలో స్పార్క్ ఎలా పుడుతుందో కాస్త తెలుసుకో. నువ్వు కిక్ కొట్టినప్పుడు మాగ్నెట్ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు సీడీఐలో ఒక కెపాసిటర్‌లో చేరి, సరైన సమయానికి ట్యాంకు కింద ఉన్న హెచ్‌టీ కాయిల్‌లోకి ఒక్కసారిగా దూకుతుంది. కాయిల్ దాన్ని పది వేల వోల్టులకు పైగా పెంచి, లావుపాటి ప్లగ్ వైరు ద్వారా, చివరన ఉన్న క్యాప్ ద్వారా ప్లగ్‌కు పంపుతుంది. పాత స్ప్లెండర్‌లో ఈ పనికి బ్యాటరీతో సంబంధం లేదు. బ్యాటరీ పూర్తిగా పోయినా కిక్‌కు స్టార్ట్ అవుతుంది. అందుకే ఎవరైనా బ్యాటరీ మార్చమంటే ఈ సమస్యకైతే మార్చకు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మాగ్నెట్ ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బోలెడు కరెంటు ఉంటుంది, దారిలో కొంత లీకైనా మిగిలింది సరిపోతుంది. కిక్ కొట్టేటప్పుడు మాత్రం తిరిగేది కొన్ని చుట్లే, పుట్టేది కొంచెమే. ఆ కొంచెంలోనూ తడిసిన క్యాప్ పగుల్లోంచి సగం ఇంజన్ బాడీలోకి దిగిపోతే ప్లగ్ దగ్గర ఏం మిగులుతుంది? వానాకాలం ఇబ్బంది అంతా స్టార్టింగ్‌లోనే కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడే చాలామంది మెకానిక్‌లు మోసపోతారు. నేనూ మోసపోయాను. ప్లగ్ విప్పి, ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టి చూస్తే టకటకా స్పార్క్ కనిపిస్తుంది. స్పార్క్ ఉంది కదా, తప్పు పెట్రోల్‌దే అనుకుని కార్బరేటర్ విప్పుతారు. బయట గాలిలో ఆ చిన్న సందును దాటడం కరెంటుకు తేలిక. లోపల పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కి పెట్టినప్పుడు అదే సందు దాటడానికి ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడు కరెంటు కష్టమైన దారి మానేసి, తడి క్యాప్ మీదుగా తేలికైన దారిలో పోతుంది. బయట స్పార్క్ కనిపించినంత మాత్రాన లోపల పడుతోందని కాదు.

నాకిది తెలిసొచ్చింది ఒక పాలాయన బండి వల్ల. చాలా ఏళ్ల కిందటి మాట. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకే రెండు క్యాన్లు కట్టుకుని నల్లపాడు వైపు నుంచి వచ్చేవాడు. వానాకాలం మొదలవగానే బండి ఆగిపోతోందని నా దగ్గరికి తెచ్చాడు. మొదట ప్లగ్ మార్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చాడు, కార్బరేటర్ విప్పాను. మూడోసారి సీడీఐ వేశాను. పాపం, ఆయనకు అది నాలుగైదు రోజుల సంపాదన. సన్నగా జల్లు పడుతున్న ఒక తెల్లవారుజామున షెడ్ ముందుకు వచ్చి బండి ఆపకుండా హారన్ కొట్టాడు. ఇంకా చీకటిగానే ఉంది, కరెంటు పోయింది. తలుపు తీసి బయటికి రాగానే కనిపించింది. ప్లగ్ క్యాప్ నుంచి సిలిండర్ రెక్కల మీదికి సన్నటి నీలం గీత, పాము నాలుకలా, ఇంజన్ కొట్టుకున్నప్పుడల్లా మెరుస్తోంది. క్యాప్ రబ్బరు మీద వెంట్రుక మందాన పగులు. కొత్త క్యాప్ వేశాను, ఆ వానాకాలమంతా బండి ఆగలేదు. సీడీఐ డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చేశాను. అప్పటినుంచి తడికి మొరాయించే బండి ఏదొచ్చినా ముందు చీకట్లో చూస్తాను.

నువ్వు కూడా అదే చెయ్యి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసా ఒకటి చాలు. రాత్రి తొమ్మిది దాటాక, బండి పొడిగా ఉండి బాగా స్టార్ట్ అవుతున్న రోజు చూసుకో. ఆరుబయటే స్టాండ్ వెయ్యి, వరండాలోనో గదిలోనో వద్దు, ఎందుకంటే సైలెన్సర్ పొగ మూసిన చోట ప్రాణం తీస్తుంది. ముందు టార్చి వేసి కార్బరేటర్, పెట్రోల్ పైపు దగ్గర ఎక్కడైనా కారుతోందేమో చూడు. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఈ పరీక్ష వద్దు, ముందు లీకు ఆపు. అంతా బాగుంటే బండి స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచి, హెడ్‌లైట్ ఆపి, వీధి లైటు వెలుగు పడకుండా అట్టముక్క అడ్డం పెట్టు. రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనివ్వు. తర్వాత మంచు పడినట్టు సన్నగా ముందు ప్లగ్ మీద, తర్వాత క్యాప్ మీద, తర్వాత వైరు పొడుగునా, చివరగా ట్యాంకు కింద కాయిల్ వైపు చల్లు. ఒక్కో చోట చల్లి కాసేపు ఆగు. మొత్తం ఒకేసారి తడిపితే ఎక్కడ లీకో తెలియదు. మంచినీళ్లే వాడు, ఉప్పునీళ్లు వద్దు. చెయ్యి మాత్రం పెట్టకు, షాక్ గట్టిగా కొడుతుంది.

నీలం మెరుపు కనిపించిన చోటే దొంగ. మెరుపు కనపడకపోయినా చల్లగానే ఇంజన్ శబ్దం తడబడినా, ఆగిపోయినా ఆ చోటును గుర్తుపెట్టుకో. నా అనుభవంలో ఇరవై ఏళ్లు దాటిన బండికి తడి జబ్బు వస్తే పదింట ఏడెనిమిది సార్లు అది క్యాప్‌లోనో, క్యాప్ వైరు కలిసే చోటో ఉంటుంది.

క్యాప్ అని తేలితే ఇలా చెయ్యి. ఇంజన్ చల్లారాక క్యాప్‌ను ప్లగ్ నుంచి లాగి, వైరు పట్టుకుని ఎడమవైపు తిప్పితే స్క్రూలాగా ఊడి వస్తుంది. లోపల వైరు కొన చూడు. రాగి తీగ మెరుస్తూ ఉండాలి. వరదలో మునిగిన బండి కాబట్టి నీది పచ్చగా చిలుము పట్టి ఉంటుందని నా అనుమానం. పదునైన బ్లేడుతో కొన నుంచి అర సెంటీమీటరు కోసెయ్యి, లోపల మెరిసే రాగి కనపడాలి. అంతకంటే ఎక్కువ కోయకు, వైరు పొట్టిదైతే ప్లగ్ దాకా సరిగా అందదు. కొత్త క్యాప్‌ను కుడివైపు తిప్పుతూ గట్టిగా బిగించు. క్యాప్ ఖరీదు మహా అయితే రెండు వందలు. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే పాత క్యాప్‌ను ఓమ్స్‌లో చూడు. రెసిస్టర్ ఉన్న క్యాప్ సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఇరవై ముప్పై చూపించినా, అసలేమీ చూపించకపోయినా దాని పని అయిపోయినట్టే.

వైరు మీదే మెరుపు కనిపిస్తే కాస్త ఖర్చు. చాలా చిన్న బళ్లలో ప్లగ్ వైరు కాయిల్‌తో కలిపే పోతపోసి ఉంటుంది, విడిగా మార్చడం కుదరదు, కాయిలే కొత్తది వేయాలి. ఇక్కడొక మాట గట్టిగా చెబుతాను. వైరు పగిలిన చోట నల్ల టేపు చుట్టించుకోకు. ఆ టేపు ఇంట్లో 230 వోల్టులకు పనికొస్తుంది, దీనికి కాదు. పైగా టేపు కింద నీళ్లు చేరితే మూడు రోజులైనా ఆరదు. మా పాత మేస్త్రీ సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగేవాడు. క్యాప్, వైరు కలిసే చోట అది తొడుగులా బిగుతుగా కూర్చుంటుంది. బాగున్న వైరుకు నీళ్లు దిగకుండా అదనపు రక్షణగా ఇప్పటికీ నేను వేస్తాను. పగిలిన వైరుకు మందుగా మాత్రం వేయను.

క్యాప్ లోపలి రబ్బరు అంచుకు బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాయి. తడి లోపలికి పోకుండా అది ఆపుతుంది. బేరింగులకు రాసే మామూలు గ్రీజు రాయకు, అది రబ్బరును ఉబ్బించి మెత్తబెడుతుంది.

ప్లగ్ కొత్తదే అన్నావు కానీ దాని తెల్ల పింగాణీని ఒకసారి చూడు. వేళ్ల జిడ్డు, రోడ్డు మీద దుమ్ము కలిసి దాని మీద పొరలా కడతాయి. ఆ పొర తడిస్తే కరెంటు పింగాణీ మీదుగా పాకి కిందికి దిగుతుంది. స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు, నీళ్లలో కలిసిన మట్టీ ఉప్పూ వల్లే పారుతుంది. అందుకే శుభ్రంగా ఉన్న బండి వానలో నడుస్తుంది, దుమ్ము కొట్టుకున్న బండి ఆగుతుంది. పింగాణీని పొడి గుడ్డతో మెరిసేలా తుడువు, గరుకు కాగితంతో రుద్దకు. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపించి తుడిచినా పోకపోతే ప్లగ్ పారెయ్యి. కరెంటు కాల్చుకుంటూ వేసుకున్న దారి అది, ప్రతి వానకీ అటే పోతుంది. ప్లగ్ సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. సందు ఎక్కువైతే దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, లీకు ఇంకా పెరుగుతుంది. కొత్త ప్లగ్ చేత్తో తిప్పి ఆగిన చోటి నుంచి పానాతో అర చుట్టు బిగిస్తే చాలు.

ఇప్పుడు వరద సంగతి. నీ బండి విషయంలో నాకు క్యాప్ తర్వాత పెద్ద అనుమానం ఇదే. 2024 సెప్టెంబరులో మీ వైపు నీళ్లు తీశాక పాయకాపురంలో మా బావమరిది షెడ్డుకు సాయంగా వచ్చి పది రోజులు ఉన్నాను. షెడ్ ముందు బురద పట్టిన బళ్లు వరుసగా పడి ఉండేవి. కొందరు నీళ్లు తగ్గగానే ఆశగా కిక్ కొట్టేశారు, వాళ్ల ఇంజన్లలో నీళ్లూ ఆయిలూ కలిసి పాలలా తెల్లబడి వచ్చాయి. ముందు ప్లగ్ విప్పి, నీళ్లు కక్కించి, ఆయిల్ రెండుసార్లు మార్చినవి చాలావరకు బతికాయి. ఆ తొందరలో అందరం ఇంజన్ కాపాడటం మీదే పడ్డాం. వైర్ల గురించి ఎవరికీ తీరిక లేదు. దీపావళి దాటాక వానలు పడ్డప్పుడు అవే బళ్లు మళ్లీ రావడం మొదలైంది, అచ్చం నీ బండిలాగే. కప్లర్ విప్పితే లోపల ఎండిన బురద, పిన్నుల మీద పచ్చని పొడి. ఎండలో ఆ బురద మట్టిగడ్డ, ఏ ఇబ్బందీ పెట్టదు. తడి తగిలితే అదే కరెంటుకు దారి.

కాబట్టి ట్యాంకు విప్పించి కింద ఉన్న కప్లర్లన్నీ ఒక్కొక్కటిగా తీయించు. మాగ్నెట్ నుంచి వచ్చేది, సీడీఐది, కాయిల్‌ది, హెడ్‌లైట్ డూమ్ లోపల ఉన్న వైర్ల గుత్తి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడిగి, పళ్లు తోమే పాత బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక పెట్టాలి. పిన్ను వదులుగా ఉంటే ముక్కు పటకారుతో కొద్దిగా నొక్కితే పట్టు వస్తుంది. కాయిల్‌ను ఛాసిస్‌కు బిగించే బోల్టు దగ్గర తుప్పుంటే గీకించు, ఆకుపచ్చ ఎర్త్ వైరు కొన కూడా. ఎర్త్ సరిగా లేకపోతే మిగతావన్నీ కొత్తవి వేసినా స్పార్క్ నీరసంగానే ఉంటుంది. ఇది రెండు గంటల పని, విసుగు పని. చాలామంది చేయరు. డబ్బులిచ్చి అయినా దగ్గర కూర్చుని చేయించుకో.

తాళం స్విచ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అనుమానించేవాళ్లు తక్కువ. పాత స్ప్లెండర్‌లో తాళం ఆఫ్ చేస్తే ఏమవుతుందో తెలుసా? కరెంటు ఆగిపోవడం కాదు, సీడీఐకి వెళ్లే ఒక వైరు ఎర్త్‌కు కలుస్తుంది. స్పార్క్‌కు వెళ్లాల్సిన కరెంటు ఎర్త్‌లోకి పోతుంది, ఇంజన్ ఆగుతుంది. తాళం రంధ్రం ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది. రాత్రంతా వాన అందులోకే దిగుతుంది. లోపల బురద ఉండి అది తడిస్తే తాళం ఆన్‌లో ఉన్నా స్విచ్ సగం ఆఫ్‌లో ఉన్నట్టే పనిచేస్తుంది. దీన్ని తేల్చడం తేలికే. బండి మొరాయిస్తున్న తడి పొద్దునే స్విచ్ కప్లర్ దగ్గర ఆ వైరును విడదీసి కిక్ కొట్టు. సాధారణంగా అది నలుపు మీద తెల్ల గీత ఉన్న వైరు. వెంటనే స్టార్ట్ అయితే దొంగ స్విచ్చే. ఒక్క జాగ్రత్త, ఆ వైరు విడిగా ఉన్నప్పుడు తాళం తిప్పినా ఇంజన్ ఆగదు. టాప్ గేరులో పెట్టి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, క్లచ్ మెల్లగా వదిలితే ఆగుతుంది. పరీక్ష అవగానే వైరు తిరిగి కలిపెయ్యి, లేకపోతే తాళం లేకుండానే ఎవరైనా కిక్ కొట్టి తీసుకుపోతారు.

పెట్రోల్‌లో నీళ్లు ఉన్నాయేమో కూడా చూడాలి, కానీ ఇది రెండో వరుస అనుమానం. ట్యాంకు మూత రబ్బరు గట్టిపడితే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది, నీళ్లు కిలో. కాబట్టి నీళ్లు అడుగుకు చేరి, రాత్రంతా తేరుకుని, పొద్దున మొదటి కిక్‌కు కార్బరేటర్‌లోకి ముందుగా అవే వస్తాయి. కార్బరేటర్ బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి తెల్ల గాజు సీసాలోకి కాస్త వదిలి పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున ముత్యాల్లా బొట్లు గానీ, వేరే పొర గానీ కనిపిస్తే నీళ్లే. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోల్‌కు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ హద్దు దాటిందంటే నీళ్లతో కలిసి తనూ అడుగుకు దిగిపోతుంది. అప్పుడు కింద పొర ఊహించిన దానికంటే ఎక్కువ కనిపిస్తుంది. అలా ఉంటే బౌల్ ఒక్కటే కడిగి లాభం లేదు, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి ఆరబెట్టి, మూత రబ్బరు కొత్తది వేయించాలి. రిజర్వ్ పైపు ట్యాంకు అడుగుకు దగ్గరగా ఉంటుంది. వానాకాలంలో రిజర్వ్ దాకా తెచ్చుకోకుండా పెట్రోల్ పోయించుకో.

నీ బండి విషయంలో దీన్ని ఎందుకు వెనక్కి నెట్టానంటే, ట్యాంకులో నీళ్లుంటే ఎండ రాగానే మాయం కావు. పది గంటలకు కూడా బండి తుమ్ముతూనే ఉంటుంది, దారిలో జర్కులిస్తుంది. నీది అలా లేదు.

ఎయిర్ ఫిల్టర్ తడిసి ముద్దయితే గాలి ఆడక ప్లగ్ నల్లగా తడిసిపోతుంది. సైడ్ డూమ్, అంటే బండి పక్క మూత, తీసి చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

గాలిలో తేమ వల్ల స్టార్ట్ కావడం లేదని నీకు ఎవరో చెప్పారన్నావు. అది నమ్మకు. 25 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండినా అందులో నీటి ఆవిరి సుమారు మూడు శాతమే. ఆ మాత్రానికి ఇంజన్ ఆగేట్టయితే జూలై నుంచి నవంబరు దాకా విజయవాడలో ఒక్క బండీ కదలదు.

ఇదంతా చేయించేలోపు రేపు పొద్దునే వాన పడితే ఏం చేయాలో చెబుతాను. ముందు కిక్ కొట్టకు. క్యాప్ లాగి లోపలా బయటా పొడి గుడ్డతో తుడువు, ప్లగ్ పింగాణీ తుడువు, వైరు పొడుగునా తుడువు. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే ఉంటే క్యాప్ మీద, తాళం రంధ్రంలో కొంచెం కొట్టు. అది నీళ్లను పక్కకు నెడుతుంది కానీ ఒక పూటకే, దానికే అలవాటు పడకు. తర్వాత చోక్ వేయకుండా, యాక్సిలేటర్ ముట్టకుండా నాలుగు కిక్‌లు. మన దగ్గర వానాకాలం పొద్దున కూడా ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీలు ఉంటుంది, చోక్ అవసరం చాలా తక్కువ. నువ్వు చోక్ వేసి ముప్పై కిక్‌లు కొడుతున్నావంటే సగం ఇబ్బంది అక్కడే మొదలవుతోంది. స్పార్క్ లేని ప్రతి కిక్కూ లోపలికి పెట్రోల్ లాగుతుంది, ప్లగ్ పెట్రోల్‌తో తడిసిపోతుంది. అప్పటికి క్యాప్ ఆరినా బండి పలకదు. అలా అయిందనిపిస్తే పెట్రోల్ ట్యాప్ ఆపి, చోక్ తీసి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్‌లు కొట్టు. లోపలి పెట్రోల్ బయటికి పోతుంది. అప్పుడు ట్యాప్ తిప్పి మామూలుగా కొట్టు. కొందరు ప్లగ్ మీద పెట్రోల్ పోసి అగ్గిపుల్ల గీసి ఆరబెడతారు. దయచేసి బండి పక్కన ఆ పని చేయకు. చేతులు కాలినవాళ్లను చూశాను.

రాత్రి బండి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా గురించి కూడా రాశావు. కింద నేల తడిగా ఉండి పైన గాలాడని పట్టా కప్పితే నేల తేమ అంతా లోపలే ఆగి, తెల్లారేసరికి బండంతా చెమట పట్టినట్టు అవుతుంది. వాన నేరుగా పడకపోయినా క్యాప్ తడుస్తుంది. పట్టాను సీటు, ట్యాంకు, హ్యాండిల్ దాకానే కప్పి, కింద ఇంజన్ దగ్గర గాలి ఆడేలా వదిలెయ్యి. తాళం రంధ్రం మీద మాత్రం తప్పక కప్పు ఉండాలి. వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు ప్రెషర్ నీళ్లు ప్లగ్ దగ్గర, తాళం దగ్గర కొట్టొద్దని ముందే చెప్పు. కడిగించాక బండిని ఇరవై నిమిషాలు నడిపి ఇంటికి తీసుకురా, ఇంజన్ వేడికి మిగిలిన తడి ఆరిపోతుంది. అండర్ బ్రిడ్జిల కింద మోకాలి లోతు నీళ్లుంటే ఆ రోజుకు చుట్టూ తిరిగి వెళ్లు. మా గుంటూరు కంకరగుంట దగ్గర నీళ్లు నిలిచిన రోజు సాయంత్రం షెడ్డుకు వచ్చే బళ్లన్నీ ఒకే కథ చెబుతాయి.

ఇక నీ ఖర్చు విషయం. క్యాప్, సిలికాన్ గ్రీజు, కాంటాక్ట్ క్లీనర్ కలిపి ఆరేడు వందల్లో అవుతుంది, కప్లర్ల పనికి కూలీ విడిగా. ముందు స్ప్రే పరీక్ష, తర్వాత క్యాప్, ఆ తర్వాత స్విచ్ వైరు, అప్పటికీ తేలకపోతే ట్యాంకు దించి కప్లర్లు. ఒక్కోటి చేశాక ఒక తడి రాత్రి గడవనిచ్చి చూడు. అన్నీ ఒకే రోజు మార్చేస్తే బండి బాగవుతుందేమో కానీ జబ్బు ఏదో నీకు తెలియదు, వచ్చే ఏడు మళ్లీ మొదటికే వస్తావు. ఇవన్నీ అయ్యాక కూడా పలకకపోతే అప్పుడు సీడీఐ అనుమానిద్దాం. అప్పుడు కూడా కొనొద్దు, అదే మోడల్ నడుస్తున్న బండి ఎవరిదైనా తెచ్చి, దాని సీడీఐ అరగంట మీ బండికి పెట్టి చూడు.

నాన్నగారి బండి అన్నావు కదా, ఆ ఇంజన్ వరద నుంచి బయటపడి ఎండాకాలమంతా ఒక్క కిక్‌కు పలికిందంటే లోపల గట్టిగానే ఉంది. ఈ ఆదివారం రాత్రి స్ప్రే సీసాతో కూర్చో. నీలం గీత ఎక్కడ కనిపించిందో, లేదా ఎక్కడ చల్లితే శబ్దం తడబడిందో రాయి. దాన్నిబట్టి తర్వాత ఏది విప్పాలో చెబుతాను.